పిడుదు జ్వరం జెర్సీనే ఎందుకు పడేస్తుంది? దీని వెనక ఉన్న జీన్ల కథ

ఎండలు ముదిరి తొలకరి పడే రోజుల్లో పొదిలి, దర్శి, కందుకూరు వైపు ఏ పాడి రైతుని కదిపినా ఒకటే బాధ చెబుతాడు. ఒకే కొట్టంలో కట్టేసినా, ఒకే పిడుదులు పట్టినా జెర్సీ లాంటి విదేశీ జాతితో కలిపిన సంకర జాతి ఆవే పడిపోతుంది, ఒంగోలు ఆవు మాత్రం రెండు రోజులు నలతగా ఉండి మళ్లీ మేతకి లేస్తుంది. సంకర ఆవుకి జ్వరం 105, 106 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంది, భుజం ముందర బిళ్ల కట్టి చేతికి గట్టిగా తగులుతుంది, కంటి రెప్ప తిప్పి చూస్తే లోపల తెల్లగా పాలిపోయి ఉంటుంది. పాలు చెప్పాపెట్టకుండా పడిపోతాయి. డాక్టర్లు దీన్ని థైలేరియా అంటారు.

నాటు పశువుకి బలం ఎక్కువ అని మనవాళ్లు తేల్చేస్తారు. తప్పు కాదు గానీ, ఆ బలం ఏమిటో సైన్సుకి అంతుబట్టడానికి చాలా దశాబ్దాలు పట్టింది.

ముందు ఒక విషయం చెప్పుకోవాలి. ఆవు పొదుగులో ఉన్న కణానికీ, కొమ్ము మొదట్లో ఉన్న చర్మపు కణానికీ డీఎన్ఏ ఒకటే. అందులోని ఏ జీన్ (జన్యువు) పని చేస్తోంది, ఏది మూగబోయి ఉంది అన్న దాంట్లోనే తేడా. ఇది తేలింది ఆవుల్లో కాదు, బ్యాక్టీరియాలో. పారిస్‌లో ఫ్రాంస్వా జాకబ్, జాక్ మోనో అనే ఇద్దరు 1961లో చూపించింది ఇదే: లాక్టోజ్ అనే పాల చక్కెర దొరికినప్పుడే దాన్ని అరిగించే జీన్లు ఆన్ అవుతాయి, లేనప్పుడు ఒక ప్రొటీన్ వాటిని తొక్కిపట్టి ఉంచుతుంది. 1965లో వాళ్లకి నోబెల్ వచ్చింది. 1962లో జాన్ గర్డన్ తోకకప్ప పేగు కణంలో డీఎన్ఏ ఉండే కేంద్రకాన్ని తీసి, కేంద్రకం లేకుండా చేసిన గుడ్డులో పెడితే తోకకప్పలు పుట్టాయి. అంటే పేగు కణం అయిపోయాక కూడా దాని దగ్గర మొత్తం సరుకు ఉంది, వాడటం మానేసిందంతే.

అదే 1962లో ఇటలీలో ఫెరుచియో రిటోసాకి ఇంకోటి దొరికింది. ల్యాబ్‌లో ఎవరో పొరపాటున ఇంక్యుబేటర్ వేడి పెంచేశారు. అందులో ఉన్న పండు ఈగల క్రోమోజోముల మీద కొత్త చోట్ల ఉబ్బులు కనిపించాయి. వేడి తగలగానే కొన్ని జీన్లు లేచి, కణంలోని ప్రొటీన్లని కాపాడే ప్రొటీన్లు తయారుచేస్తున్నాయని తర్వాత తేలింది. మన రోహిణీ కార్తె ఎండలకి ఆవు ఒంట్లో జరిగేదాంట్లో ఇదొక ముఖ్యమైన భాగం. మన ఒంగోలు జాతి సంతతినే బ్రెజిల్‌లో నెలోరే అంటారు (అప్పట్లో ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది, 1904లో గుంటూరు జిల్లా ఏర్పడ్డప్పుడు అందులోకి వెళ్లింది). అక్కడి ల్యాబుల్లో పిండాలని 41 డిగ్రీల సెల్సియస్ వేడిలో గంటల తరబడి ఉంచి చూస్తే, యూరప్ జాతులతో పోలిస్తే నెలోరే పిండాలు ఎక్కువగా బతికి ఎదిగాయి. కొద్ది రోజుల వయసు పిండంలోనే ఆ తేడా ఉందన్నమాట, మేపుడుతో వచ్చింది కాదు.

ఇప్పుడు జబ్బు దగ్గరికి వద్దాం, అసలు విచిత్రం ఇక్కడే ఉంది.

థైలేరియా అన్యులాటా అనే ఈ పరాన్నజీవిని మొదట కాకసస్ ప్రాంతంలో 1904లో గుర్తించి రాశారు. కొట్టం గోడల నెర్రెల్లో దాక్కునే పిడుదు కుట్టినప్పుడు ఇది ఆవు తెల్లరక్త కణాల్లోకి దూరుతుంది. దూరాక కణాన్ని చంపదు. లోపల కూర్చుని, ఆ కణం ఎదుగుదలని నడిపే జీన్లని ఆగకుండా పని చేయిస్తుంది. కణం రెండుగా చీలేటప్పుడు తనూ దాన్ని పట్టుకుని చీలిపోయి రెండు పిల్ల కణాల్లోకీ వెళ్తుంది. భుజం ముందు కట్టే బిళ్ల అలా పెరిగిన కణాల గుంపే. చూడ్డానికి అచ్చం క్యాన్సర్. కానీ క్యాన్సర్‌లో కణం సొంత డీఎన్ఏ పాడవుతుంది, ఇక్కడ ఆవు డీఎన్ఏలో అక్షరం కూడా మారదు. 1980లలో వచ్చిన బూపార్వక్వోన్ ఇంజెక్షన్ వేసి లోపలి పరాన్నజీవిని చంపితే, ఆ కణాలు పెరగడం మానేసి చచ్చిపోతాయి. జీన్ మారకుండా, దాని పనితీరు మారితేనే ఇంత పెద్ద జబ్బు రావచ్చనడానికి ఇంతకంటే సూటి సాక్ష్యం నేనైతే ఎక్కడా చూడలేదు.

1970లో ఆపరేషన్ ఫ్లడ్ అనే పాల ఉత్పత్తి పెంచే పథకం మొదలయ్యాక పాల దిగుబడి కోసం జెర్సీ, హెచ్ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) అనే విదేశీ జాతుల వీర్యం ఊరూరా వచ్చింది. పాలు పెరిగాయి, అది కాదనలేం. థైలేరియా కూడా పెద్ద తలనొప్పి అయింది. స్కాట్లాండ్‌లో సాహివాల్ (పంజాబ్ వైపు నాటు జాతి), హోల్‌స్టీన్ దూడలకి ఒకే మోతాదులో ఈ జబ్బు ఎక్కించి చూశారు. సాహివాల్ దూడలకి జ్వరం తక్కువ, అవి కోలుకున్నాయి. హోల్‌స్టీన్ దూడలకి బాగా ముదిరింది. రెండు జాతుల మాక్రోఫేజ్ కణాలని (క్రిముల్ని మింగే తెల్లరక్త కణాలు) పక్కపక్కన పెట్టి పోల్చినప్పుడు, ఏ జీన్ ఎంత పని చేస్తోందన్న దాంట్లో బోలెడు తేడాలు కనిపించాయి, కొన్ని తేడాలు జబ్బు సోకకముందు నుంచే ఉన్నాయి. సాహివాల్ మన ఒంగోలు కాదు, కానీ రెండూ మూపురం ఉన్న జాతులే. అందుకే చదలవాడ పశుక్షేత్రంలో ఒంగోలు జాతిని కాపాడుకోవడం అంటే ఎడ్ల పందేల ముచ్చట ఒక్కటే కాదంటాను.

దీనికి టీకా కూడా జబ్బు పట్టిన కణాల నుంచే చేస్తారు. ఆ కణాలని ల్యాబ్‌లో తరాల తరబడి పెంచుతూ పోతే, చుట్టూ ఉన్న కణజాలాన్ని కోసుకుంటూ పాకడానికి పనికొచ్చే ఎంజైముల జీన్లు వాటిలో నెమ్మదిగా అణగిపోతాయి. అప్పుడవి జబ్బు చేయవు, రోగనిరోధక శక్తి మాత్రం ఇస్తాయి. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ రక్షావాక్-టి పేరుతో దీన్ని తయారుచేస్తోంది. చిక్కేమిటంటే బతికున్న కణాలు కాబట్టి లిక్విడ్ నైట్రోజన్‌లో పెట్టి తేవాలి, ఉదయగిరి అవతలి పల్లెలకి అది చేర్చడం తేలిక కాదు. దాంతో చాలామంది బూపార్వక్వోన్ మందు మీదే ఆధారపడుతున్నారు. ట్యునీషియా లాంటి చోట్ల మాత్రం ఆ మందుకీ లొంగని థైలేరియా బయటపడింది, ఆ మందు దెబ్బకొట్టే ప్రొటీన్‌ని తయారుచేసే సైటోక్రోమ్-బి జీన్‌లో మార్పు వచ్చింది.