ఇరవై ఒక్క నిమిషాలు కట్ లేకపోతే ఎడిటర్‌కు పనేముంది?

నేను సినిమా ఎడిటర్‌ని. 2023 జూన్ 16న నెట్‌ఫ్లిక్స్‌లో 'ఎక్స్‌ట్రాక్షన్ 2' వచ్చినప్పటి నుంచి పరిచయస్తులు నన్ను తరచూ అడిగేది జైలు నుంచి రైలు దాకా, ఒక్క కట్ కూడా కనబడకుండా సాగే ఆ 21 నిమిషాల పోరాటం గురించే. ఆ మెచ్చుకోలులో కొన్ని అపోహలూ కలిసి ఉంటాయి.

అపోహ: అదంతా ఒకే టేక్, కెమెరా ఆపనే లేదు.

వాస్తవం: చాలాసార్లు ఆపారు. విడివిడిగా తీసిన ముక్కలను అతుకు కనబడకుండా కలిపారు. కెమెరా గిర్రున పక్కకు తిరిగితే దృశ్యం చెరిగిపోతుంది, అక్కడ ఒక అతుకు దాగుతుంది. ఎవరైనా లెన్స్‌కు అడ్డంగా పరుగెత్తినా, పొగ కమ్మినా, చీకటి గుమ్మం దాటినా అలాంటి చోటే దొరుకుతుంది. ఇది పాత విద్యే. 1948లో 'రోప్' సినిమా తీసేనాటికి కెమెరాలో పట్టే రీలు దాదాపు పది నిమిషాలకే అయిపోయేది. దాని దర్శకుడు హిచ్‌కాక్ కొన్నిచోట్ల కెమెరాను నటుల వీపు దాకా తీసుకెళ్లి, తెర నల్లబడిన క్షణంలో కట్‌ను దాచాడు.

అతుకులున్నాయని తెలిశాక నాకు ఆ పని మీద గౌరవం ఇంకా పెరిగింది. మామూలు ఫైటులో దెబ్బ తగిలినట్టు లేకపోతే నాలుగు ఫ్రేములు తీసేస్తాను, లేదా మరో కోణానికి మారతాను. నడక మందగిస్తే కత్తిరించి వేగం పెంచుతాను. ఇలాంటి షాట్‌లో ఆ వెసులుబాటు చాలా తక్కువ. సెకనుకు 24 చొప్పున 30 వేలకు పైగా ఫ్రేములు, వాటి లయ సెట్‌లోనే పుట్టాలి. నేనొకసారి రెండున్నర నిమిషాల ఇలాంటి పోరాటానికి పనిచేశాను. కెమెరా ఒక స్తంభం వెనక నుంచి వెళ్లేచోట అతుకు పడాలి. రెండో ముక్క తీసేసరికి ఎండ దిశ మారింది, కెమెరా కదలిక కాస్త నెమ్మదించింది. ఆ ఒక్క స్తంభంతో తొమ్మిది రోజులు కుస్తీ పట్టాం.

అపోహ: హెలికాప్టర్, మంటలు, అన్నీ గ్రాఫిక్సే.

వాస్తవం: చెక్ రిపబ్లిక్‌లో, కదులుతున్న రైలు మీద నిజమైన హెలికాప్టర్‌నే దింపారు. హీరో క్రిస్ హెమ్స్‌వర్త్ చేతికి అంటుకున్న మంట కూడా నిజమైనదే. గ్రాఫిక్స్ లేవని అనడం లేదు, అతుకులు కలపడానికైనా అవి కావాలి. దర్శకుడు శామ్ హార్గ్రేవ్ స్టంట్ రంగం నుంచి వచ్చినవాడు, నటుడు క్రిస్ ఇవాన్స్‌కు డూప్‌గా చేసినవాడు. మొదటి భాగంలోని కారు ఛేజ్ కోసం కారు ముందు భాగానికి తనను కట్టించుకుని తానే కెమెరా పట్టాడు.

అపోహ: ఓటీటీకి తీసింది కాబట్టి నాణ్యత ఎలా ఉన్నా చెల్లుతుంది.

వాస్తవం: నెట్‌ఫ్లిక్స్ సొంత సినిమాలకు కెమెరా నుంచి శబ్దం దాకా రాతపూర్వక నిబంధనలున్నాయి. సంభాషణల సగటు శబ్దస్థాయి మైనస్ 27 ఎల్‌కేఎఫ్‌ఎస్ (శబ్ద తీవ్రతను కొలిచే యూనిట్) దగ్గర, రెండు యూనిట్లు అటూ ఇటూగా ఉండాలి.

అపోహ: మొదటి భాగాన్ని 9.9 కోట్ల ఇళ్లలో చూశారు, రెండోది అందులో సగం కూడా ఆడలేదు.

వాస్తవం: ఇవి రెండు వేర్వేరు కొలతలు. 2020 నాటి లెక్క తొలి నాలుగు వారాలది, అప్పట్లో రెండు నిమిషాలు చూసినా చూసినట్టే. 2023 జూన్‌లో పద్ధతి మారింది. ఇప్పుడు చూసిన మొత్తం గంటలను సినిమా నిడివితో భాగిస్తారు. ఆ పద్ధతిలో రెండో భాగానికి తొలి వారాంతంలోనే 4.28 కోట్ల వీక్షణలు వచ్చాయి. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పడం అన్యాయం.

అపోహ: స్టంట్‌వాళ్లకు ఆస్కార్ ఎప్పటి నుంచో ఉంది.

వాస్తవం: లేదు. 2028లో జరిగే నూరవ వేడుక నుంచి మొదలవుతుంది. మన జాతీయ అవార్డుల్లో ఈ విభాగం అంతకంటే ముందే వచ్చింది. 'ఆర్ఆర్ఆర్' పోరాటాలకు ఫైట్ మాస్టర్ కింగ్ సాలమన్ దాన్ని అందుకున్నారు. అయినా తెర మీద ఫైటర్ల ముఖం కనబడకూడదు, అది ఈ వృత్తి నియమం. ఏదైనా ఫ్రేములో డూప్ ముఖం ఇటు తిరిగితే దాన్ని తీసేయాల్సింది నేనే. తీసే ముందు ఆ ఫ్రేమును కాసేపు ఆపి చూస్తాను.