సాధనలో అనుమానాలు: కొన్ని అపోహలు, వాస్తవాలు

జపం, ధ్యానం నేర్పించే పనిలో చాలా కాలంగా ఉన్నాను. ఎక్కువమంది నన్ను అడిగేది ఎలా కూర్చోవాలి అని కాదండీ, "నేను పట్టుకున్న దారి కరెక్టేనా?" అని. అదీ అందరి ముందూ అడగరు, మిగతావాళ్ళు వెళ్ళిపోయేదాకా ఆగి, ఏదో తప్పు చేసినట్టు గొంతు తగ్గించి అడుగుతారు. నాకు బాధ అక్కడే, అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: అనుమానం వచ్చిందంటే భక్తి లేనట్టే.

వాస్తవం: భగవద్గీతలో అర్జునుడు చేసిందంతా అడగడమే కదా. ఆరో అధ్యాయంలో మనసు గాలి లాంటిది, పట్టి ఉంచడం కష్టం అంటాడు, అక్కడితో ఊరుకోకుండా మధ్యలో జారిపోయినవాడు ఇటూ అటూ కాకుండా చెదిరిన మబ్బులా పోతాడా అని కూడా అడిగేస్తాడు. అచ్చం మన భయమే! కృష్ణుడు కోప్పడలేదు, మంచి చేసేవాడు ఎవడూ చెడిపోడు అన్నాడు. అంతా చెప్పాక చివర్లో కూడా బాగా ఆలోచించుకుని నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి అనే అన్నాడు.

అపోహ: గీతలో "సంశయాత్మా వినశ్యతి" (అనుమానించేవాడు నశిస్తాడు) అన్నారు కాబట్టి ప్రశ్నలు వేయకూడదు.

వాస్తవం: అడిగినవాళ్ళ నోరు మూయించడానికి ఈ ముక్క తెగ వాడతారు. అది నాలుగో అధ్యాయం 40వ శ్లోకం, దానికి కాస్త ముందు 34లోనే తెలిసినవాళ్ళ దగ్గరికి వెళ్ళి నమస్కరించి, సేవ చేసి, ప్రశ్నించి తెలుసుకో అని ఉంది, అది మాత్రం ఎవరూ ఎత్తరు. వేదాంతంలో శ్రవణం (వినడం) తర్వాత మననం (దాని మీద ఆలోచించడం) అని పెట్టిందే విన్నదాని మీద వచ్చే సందేహాలు తీర్చుకోవడానికి.

చెడగొట్టే అనుమానం వేరే ఉంది. మాల సగం తిరిగింది, వేలు పూస మీద ఆగింది, "ఇదంతా ఉత్త లెక్కపెట్టడమేగా" అనిపించింది, మాల పక్కన పెట్టి ఫోన్ తీసి ఇంకో గురువుగారి వీడియో పెట్టుకున్నారు, అది సగం చూసి ఇంకోటి. ఆ అనుమానానికి కావాల్సింది జవాబు కాదు, మిమ్మల్ని కూర్చున్న చోటు నుంచి లేపడమే. అలా అనిపించినప్పుడు ప్రశ్న కాగితం మీద రాసుకుని మాల పూర్తి చేయమంటాను. లేచాక కూడా ఆ ప్రశ్న అలాగే ఉంటే అది నిజమైన ప్రశ్న, తెలిసినవాళ్ళని అడగండి.

ఇంకోటి, పతంజలి యోగసూత్రాల్లో సాధనకి అడ్డంకులు తొమ్మిది చెప్పారు, మొదట రోగం, తర్వాత మనసు మొద్దుబారడం, మూడోది సంశయం. అంటే ఒంట్లో, మనసులో బాగోలేకపోయినా అనుమానం పుట్టొచ్చు, అందుకే నిద్ర సరిగ్గా లేని రోజుల్లో దారి మీద తీర్పులు ఇవ్వకండి ప్లీజ్.

అపోహ: దారి సరైనదైతే ఆనందం పొంగుతూనే ఉంటుంది.

వాస్తవం: మదర్ థెరిసా 1997లో పోయారు, ఆవిడ ఉత్తరాలు 2007లో పుస్తకంగా వస్తే అప్పుడు తెలిసింది, దశాబ్దాల పాటు ఆవిడకి లోపల దేవుడున్నట్టే అనిపించలేదని. అయినా ప్రార్థన మానలేదు, పని మానలేదు. నమ్మకం అంటే ఫీలింగ్ అనుకునేవాళ్ళకి నేను ముందు ఇదే చెప్తాను.

అపోహ: ఒకసారి పట్టుకున్నాక మార్చకూడదు.

వాస్తవం: బుద్ధుడు ఇద్దరు గురువులని వదిలేశాడు, ఆలార కాలాముడు, ఉద్దక రామపుత్రుడు. కాకపోతే వాళ్ళు నేర్పింది పూర్తిగా సాధించి, నాకు కావాల్సింది ఇది కాదని తేల్చుకున్నాక వెళ్ళాడు. నాలుగు రోజులు చేసి మారడానికీ దీనికీ చాలా తేడా ఉంది.

అపోహ: గురువుని పరీక్షించడం పాపం.

వాస్తవం: రామకృష్ణ పరమహంస డబ్బు ముట్టుకోలేరంటే నిజమో కాదో చూద్దామని ఆయన శిష్యుడు నరేంద్రుడు (తర్వాత వివేకానందుడు) ఆయన పరుపు కింద రూపాయి పెట్టాడు, ఆయనేమీ నొచ్చుకోలేదు, తనని పరీక్షించాకే ఒప్పుకోమనేవారు. ఇంట్లో చెప్పొద్దు, అప్పు చేసైనా కట్టు, వదిలేస్తే నాశనం అవుతావు అనేచోట అనుమానం వస్తే అది మీ బలహీనత కాదు, వెంటనే బయటికి రండి. వాళ్ళిచ్చిన మంత్రం కూడా వదిలేయాలా అని అడుగుతుంటారు, అక్కర్లేదు, మంత్రం వాళ్ళ సొంతం కాదు, మనసుకి పట్టి ఉంటే చేసుకుంటూ ఉండండి.