ప్లేజియారిజం శిక్షలు: లైబ్రరీ కౌంటర్ దగ్గర రోజూ వినే అపోహలు

ప్లేజియారిజం అంటే పరాయి రాతను సొంతమని చూపించడం. యూనివర్సిటీ లైబ్రరీలో సిమిలారిటీ చెక్ చేసే సీటు నాది, అంటే థీసిస్‌లోని రాత వేరేవాళ్ళ రాతలతో ఎంత శాతం కలుస్తోందో సాఫ్ట్‌వేర్‌తో చూస్తాను. థీసిస్‌లు ఇచ్చే సీజన్‌లో నా మొహం చూస్తేనే పిల్లలకు టెన్షన్.

అపోహ: సిమిలారిటీ 10 శాతం దాటితే డిగ్రీ పోయినట్టే.

వాస్తవం: యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2018 నిబంధనల్లో అంత కాఠిన్యం లేదు. 10 శాతం వరకు శిక్షే లేదు. ఆపైన 40 వరకు ఉంటే సరిదిద్ది, ఆరు నెలలు మించని గడువులో మళ్ళీ ఇవ్వాలి. 40 దాటి 60 వరకు ఉంటే ఏడాది ఆగాలి. రిజిస్ట్రేషన్ రద్దయ్యేది 60 దాటాకే. సగానికి పైగా పరాయి రాత ఉన్న థీసిస్‌కు అది ఎక్కువ శిక్షని నాకైతే అనిపించదు.

అపోహ: సాఫ్ట్‌వేర్ ఎంత చూపిస్తే అంతా కాపీయే.

వాస్తవం: పిల్లలకు అన్యాయం జరిగేది ఇక్కడే. మొన్న ఒకమ్మాయి 46 శాతం రిపోర్టు పట్టుకుని వచ్చింది. పరిశోధన చేయించే గైడ్ అప్పటికే కేకలేశారట. పక్కన కూర్చోబెట్టుకుని పేజీ పేజీ చూశాం. వేరేచోట దొరికిన రాతను రిపోర్టు ఎర్రగా చూపిస్తుంది. రిఫరెన్సుల జాబితా మొత్తం ఎర్రగా ఉంది. మూలం చెప్పి, కొటేషన్ గుర్తుల్లో పెట్టిన పేరాలూ ఎర్రగానే ఉన్నాయి. ‘ఇది నా సొంత పరిశోధన’ అనే డిక్లరేషన్ కూడా కాపీయేనట! రిఫరెన్సులను, మూలం చెప్పిన కొటేషన్లను నిబంధనల ప్రకారమే లెక్కలోంచి తీసేయాలి. చెక్ పెట్టేటప్పుడు ఎవరో ఆ సెట్టింగ్ మార్చలేదు. అవి తీసేస్తే 19 మిగిలింది. అందులో రెండో అధ్యాయంలోని రెండు పేజీలు మాత్రం మక్కీకి మక్కీ దించినవే.

“కింద రిఫరెన్స్ ఇచ్చాను కదా సార్” అంది. ఉన్నది ఉన్నట్టు ఎత్తితే కొటేషన్ గుర్తులు కూడా పెట్టాలని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. పదో తరగతి దాకా గైడు పుస్తకంలో ఉన్నది అక్షరం పోకుండా రాస్తేనే మార్కులు వేశాం మరి.

అపోహ: మాటలు మార్చేస్తే చాలు.

వాస్తవం: ఒకాయన థీసిస్‌లో ‘సెల్ఫ్ హెల్ప్ గ్రూప్స్’ కాస్తా ‘సెల్ఫ్ అసిస్టెన్స్ క్లస్టర్స్’ అయ్యాయి. రిపోర్టు 6 శాతమే వచ్చింది. ఆలోచన, వరుస, ఉదాహరణలు అన్నీ వేరేవాళ్ళవే. నా లెక్కలో ఆ అమ్మాయిది పొరపాటు, ఈయనది దొంగతనం. అంకెలు చూస్తే మాత్రం తలకిందులు!

అపోహ: అసైన్‌మెంట్లకూ ఇవే శిక్షలు.

వాస్తవం: అసైన్‌మెంట్లు, ప్రాజెక్టు రిపోర్టులు, జవాబు పత్రాలు ఈ నిబంధనల పరిధిలోకే రావు. అంతా కాలేజీ ఇష్టం. అందుకే ఒకచోట సీనియర్ రికార్డు చూసి దించినా సంతకం పడుతుంది, ఇంకోచోట ఒక్క పేరాకే సున్నా పడుతుంది.

అపోహ: ఏఐ డిటెక్టర్ (రాసింది ఏఐయా మనిషా అని చెప్పే సాఫ్ట్‌వేర్) పట్టిందంటే రుజువైనట్టే.

వాస్తవం: చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే కచ్చితత్వం తక్కువగా ఉందని తన డిటెక్టర్‌ను 2023 జులైలో ఆపేసింది. అనుమానం వస్తే విద్యార్థిని కూర్చోబెట్టి, రాసినదాని మీద నాలుగు ప్రశ్నలు అడగండి. ఎవరు రాశారో పది నిమిషాల్లో తేలిపోతుంది.

చెక్ కోసం వచ్చేవాళ్ళు నెల ముందే రండి. గడువుకు ముందురోజు సాయంత్రం వస్తే ఆ ఎరుపంతా పక్కన కూర్చుని చూసే తీరిక నాకూ ఉండదు.