ఇక్కడ చలేటి, చలి వాల్వేటి?

చల్లటి ఇంజనుకి కాసేపు అదనపు గాలి పంపే ఆగ్జిలరీ ఎయిర్ వాల్వు జర్మనీ చలికి చేసింది, భోగి తెల్లవారుజామున కూడా నీళ్లు గడ్డకట్టని విజయనగరంలో దేనికి, పీకేసి గొట్టానికి బిరడా కొట్టేస్తే పోదా? పాత ఫ్యూయల్ ఇంజెక్షన్ కారున్న వాళ్లకు రావలసిన ప్రశ్నే. పీకొద్దు. మనకు 28 డిగ్రీలంటే ఉక్కపోతే, కానీ 80 దాటితే గాని కుదురుకోని ఇంజనుకి అదీ చలే. ఆయిలు చిక్కగా ఉంటుంది, రాపిడి ఎక్కువ, కాసేపు అదనపు గాలి కావాలి.

పేర్ల దగ్గర చాలామంది తడబడతారు. కోల్డ్ స్టార్ట్ వాల్వు పెట్రోలు చిమ్మేది. మన వాల్వు గాలిది: థ్రాటిల్ (యాక్సిలరేటరు తొక్కితే తెరుచుకునే గాలి తలుపు) మూసి ఉన్నప్పుడు దాని పక్కనుంచి దొడ్డిదారి. బాష్ కంపెనీ ఇంజెక్షన్ పద్ధతి ఎల్-జెట్రానిక్‌లో ఈ గాలి, గాలిని కొలిచే మీటరు దాటాకే ఇటు మళ్లుతుంది కాబట్టి దానికి తగిన పెట్రోలూ పడుతుంది. పగిలిన గొట్టంలోంచి దూరేది మాత్రం లెక్కలో లేని దొంగ గాలి. అందుకే గొట్టాలు ముందు చూడాలి, వాల్వు తర్వాత.

లోపల కథంతా ఒక్క రేకుది. డాబా మీద ఎండేసిన అప్పడాన్ని గమనించండి. పైముఖం ముందు ఎండి ముడుచుకుంటుంది, అడుగుముఖం ఇంకా పచ్చిగానే ఉంటుంది. అంటుకుని ఉన్నవి విడిపోలేవు గనుక అంచులు పైకి లేస్తాయి. తిరగేస్తే మళ్లీ సాపు. పల్చటి అప్పడం ఎక్కువ వంగుతుంది, దళసరిది మొరాయిస్తుంది. వాల్వులో రేకూ అంతే, కాకపోతే తడికి బదులు వేడి: అతికించిన రెండు లోహాల్లో ఒకటి బాగా సాగుతుంది, రెండోది దాదాపు సాగదు. బడిలో ‘లోహాలు వ్యాకోచిస్తాయి’ అని వల్లె వేయిస్తారు. ఎంత? 40 మి.మీ. ఇత్తడి ముక్క 20 నుంచి 70 డిగ్రీలకు వేడెక్కితే పెరిగేది 0.04 మి.మీ. లోపే, కంటికి ఆనదు. అదే ఇత్తడిని, వేడికి దాదాపు సాగని నికెల్-ఇనుము మిశ్రలోహం ఇన్వార్‌తో అతికించి మొత్తం 1 మి.మీ. మందం రేకు చేసి ఒక కొస బిగిస్తే, రెండో కొస సుమారు 1 మి.మీ. జరుగుతుంది. పాతిక రెట్లు! మందం సగం చేస్తే జరుగుడు రెట్టింపు. ఈ ఇన్వార్ కనిపెట్టిన స్విట్జర్లాండ్ భౌతికశాస్త్రవేత్త గియోమ్‌కే 1920లో భౌతికశాస్త్ర నోబెల్. అప్పడం ఒక్కసారే వంగుతుంది, రేకు మాత్రం రాత్రి చల్లారి పొద్దున్నకి మొదటికొస్తుంది.

ఆ కొస ఒక బిళ్లను తిప్పి గాలి రంధ్రాన్ని మూస్తుంది. రేకుకి చుట్టిన హీటరు తీగకు పెట్రోలు పంపు తిరిగినప్పుడే కరెంటు. నిరోధం చాలా వాటిలో 30–50 ఓములు, అంటే 12 వోల్టుల మీద సుమారు పావు నుంచి 0.4 ఆంపియరు దాకా. మల్టీమీటరు అనంతం చూపిస్తే తీగ తెగినట్టే. కళింగపట్నం ఉప్పుగాలికి ప్లగ్గు పిన్నుల మీద పచ్చటి చిలుము పట్టినా ఫలితం ఒకటే: కారు మైళ్లు తిరిగినా ఐడిల్ (యాక్సిలరేటరు మీద కాలు తీసినప్పుడు ఇంజను తిరిగే వేగం) దిగదు.

పరీక్షకు ఇంజను వేడెక్కాక వాల్వు గొట్టం నొక్కండి. ఐడిల్ దాదాపు మారకూడదు. నిమిషానికి 50 చుట్లకు మించి పడితే వాల్వు మూసుకోవడం లేదు. చల్లటి ఇంజనులో నొక్కితే పడాలి, పడకపోతే తెరుచుకోవడం లేదు. ఇక్కడో మెలిక. మన ఎండకి విప్పి చూస్తే రంధ్రం సగమే కనిపిస్తుంది, అది లోపం కాదు. ప్లాస్టిక్ సంచిలో చుట్టి గంటసేపు ఫ్రీజర్లో పెట్టి చూడండి, బాగా తెరుచుకోవాలి. తర్వాత 12 వోల్టులిస్తే 5–10 నిమిషాల్లో పూర్తిగా మూసుకోవాలి.

ఎక్కువసార్లు రోగం జిగురు: ఇంజను అడుగు పెట్టె, అంటే క్రాంక్‌కేసు ఆయిలు ఆవిరి బిళ్లను పట్టేస్తుంది. కార్బ్ క్లీనరు (కార్బురేటరు కడిగే స్ప్రే) గాలి దారిలోనే కొట్టి, పావుగంట నాననిచ్చి, ఒంపి, రెండు మూడుసార్లు అలాగే చేసి, ఆరాకే కరెంటివ్వాలి. స్క్రూడ్రైవరుతో పొడవకండి, బిళ్ల అంచు దెబ్బతింటే ఇక అది గాలి ఆపదు.

కొన్ని వాల్వుల ఒంటి మీద రంగు పూసిన చిన్న నట్టు ఉంటుంది, అది రేకు పునాదిని జరిపేది. కదపకముందే గీత గీసుకోండి. 10 నిమిషాలు కరెంటిచ్చి, ఆ వేడి మీదే నట్టు వదులు చేసి, రంధ్రం సరిగ్గా మూసుకునే చోట బిగించాలి. మళ్లీ ఫ్రీజరు పరీక్ష తప్పదు.

వాల్వు తెరిచే ఉండగా ఐడిల్ స్క్రూ బిగించి చుట్లు దింపడం అన్నిటికంటే చెడ్డపని. వాల్వు బాగైన రోజు వేడి ఇంజను సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది, నింద బాగుచేసిన వాల్వు మీద పడుతుంది.