ఇసుక తయారవుతున్న చప్పుడు

పెళ్లయిన ఇన్నేళ్లలో మేమిద్దరం ఏ పనీ పెట్టుకోకుండా వెళ్లిన ప్రయాణం అదొక్కటే. చిన్న పగడపు దీవి. ఈ చివర నుంచి ఆ చివరకు పావుగంట నడక. మొదటి రోజే మా ఆయన గొడుగు కింద తువ్వాలు పరుచుకుని, "ఈ వారం నన్నేమీ అడక్కు" అని కళ్లు మూసుకున్నారు. నేను మాత్రం సంచిలోంచి భూతద్దం తీశాను. మందుల అట్టల మీద అక్షరాలు చదువుకోవడానికి తెచ్చుకున్నదే. ఇసుక చూడటానికి పనికొస్తుందని అక్కడికి వెళ్లాకే తట్టింది.

నది ఇసుకైతే చాలావరకు కొండరాళ్ల పొడి. గాజుముక్కల్లా మెరిసే క్వార్ట్జ్ రేణువులు దాంట్లో ఎక్కువ. నా అరచేతిలో ఉన్నదాంట్లో అలాంటిది ఒక్కటీ కనపడలేదు. చిల్లులు పడ్డ పగడపు ముక్కలు, గవ్వల పెంకులు, ఊదారంగు ముల్లు విరిగిన తునక ఒకటి, పొట్టులా పలచటి తెల్ల రేకులు కొన్ని. ఆ రేకులు హలిమెడా అనే నాచువి. బతికున్నంతకాలం పచ్చగా ఉంటూ ఒంట్లో సున్నం పేర్చుకుంటుంది. చచ్చాక పచ్చదనం పోయి బిళ్లలు బిళ్లలుగా రాలిపోతుంది. ఇంకా చిన్నవి ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవుల పెంకులు. కొన్ని దీవుల్లో ఇవి అచ్చం నక్షత్రాల్లా ఉంటాయి. మొత్తానికి అరచేతిలో ఉన్నదంతా ఒకప్పుడు ఎవరో ఒకరి ఒళ్లు.

మా ఆయన తాగి పక్కన పెట్టిన గ్లాసులో నిమ్మచెక్క మిగిలి ఉంది. దాన్ని ఇసుక మీద పిండాను. భూతద్దం కింద రేణువుల అంచుల్లో సన్నటి బుడగలు లేచాయి. సున్నపురాయి, అంటే కాల్షియం కార్బొనేట్, ఆమ్లం తగిలితే కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. క్వార్ట్జ్ ఇసుక మీద పిండితే మాత్రం నిమ్మకాయ దండగ. ఎర్రటి ఎండలో కూడా ఆ ఇసుక మీద చెప్పుల్లేకుండా నడవగలిగామంటే అదీ ఈ సున్నం చలవే. తెల్లగా ఉండటం వల్ల వెలుగులో చాలా భాగాన్ని తిప్పికొడుతుంది. అగ్నిపర్వతాల దీవుల్లోని నల్ల ఇసుక మీద మధ్యాహ్నం పూట ఆ సాహసం చేయకూడదు.

మరి ఇంత మెత్తగా దాన్ని ఎవరు పొడి చేశారు? అలలే అనుకుంటాం. అలలు కొంత చేస్తాయి. పెద్ద పనిమంతురాలు వేరే ఉంది: చిలకచేప.

పేరుకు తగ్గట్టే దాని మూతి చిలక ముక్కులా ఉంటుంది. ఆ ముక్కులో దాదాపు 1,000 పళ్లు 15 వరసల్లో ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ముందు వరస అరిగిపోతుంటే వెనక వరస ముందుకొస్తుంది. ఫ్లోరాపటైట్ అనే ఖనిజంతో చేసిన పళ్లవి, జీవులు తయారుచేసుకునే అతి గట్టి పదార్థాల్లో ఒకటి. వాటితో చచ్చిన పగడపు రాతిని కరకరా కొరుకుతుంది. దానికి కావలసింది రాయి కాదు, రాతి మీదా లోపలా పాకిన నాచు, సూక్ష్మజీవులు. కానీ వాటిని విడిగా తీసుకునే ఉపాయం లేదు కాబట్టి మొత్తం మింగేస్తుంది. గొంతులో ఇంకో జత పళ్ల పలకలు తిరగలిలా పనిచేసి రాతిని పిండి చేస్తాయి. ఈ చేపకు పొట్ట లేదు. గొంతు దాటితే సరాసరి పేగే. నిమ్మరసానికే పొంగిన సున్నం ఆమ్లం నిండిన పొట్టలో పడితే ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. నాచులో సారం ఒంటికి పడుతుంది, పిండి వెనక నుంచి తెల్లటి మబ్బులా బయటికొస్తుంది.

పెద్ద చిలకచేప ఒక్కటే ఏడాదికి వందల కిలోల ఇసుక తీయగలదు. మాల్దీవుల్లో వక్కరు అనే దీవి చుట్టూ ఉన్న పగడపు దిబ్బ మీద శాస్త్రవేత్తలు లెక్కకట్టి 2015లో ప్రచురించారు. అక్కడ ఏటా కొత్తగా పుట్టే ఇసుక దాదాపు 6 లక్షల 85 వేల కిలోలు. అందులో ఎక్కువ భాగం పుట్టే దిబ్బ బయటి అంచున 85 శాతానికి పైగా చిలకచేపలదే. మరో పది శాతం హలిమెడాది.

ఇది చెప్పగానే మా ఆయన ఒక కన్ను తెరిచి, "అంటే నేను పడుకున్నది చేప పెంట మీదా?" అన్నారు.

"కడిగిన పెంట అండీ."

"నువ్వూ నీ సైన్సూ" అని అటు తిరిగి పడుకున్నారు. నమ్మలేదని తెలుస్తూనే ఉంది.

ఇసుక సంగతి అలా ఉంచి, ఆ ఇసుక నిలబడిన దిబ్బ సంగతి ఇంకా విచిత్రం. నడిసముద్రంలో, చుట్టూ వేల అడుగుల లోతున్న చోట, ఉంగరంలాంటి పగడపు వలయం ఎలా పైకి తేలింది? దిబ్బలు కట్టే పగడాలు వెలుగు అందే పైపై నీళ్లలోనే పెరుగుతాయి. వాటి ఒంట్లో కాపురం ఉండే సూక్ష్మమైన నాచు ఎండతో చక్కెర తయారుచేసి పెడుతుంది. పగడానికి కావలసిన శక్తిలో 90 శాతం దాకా ఆ నాచు వంటే. అలాంటిది చీకటి అడుగు నుంచి కట్టుకుంటూ పైకి ఎలా వచ్చాయి?

చార్లెస్ డార్విన్ 1842లో దీనికి జవాబు రాశాడు. మొదట అక్కడ ఒక అగ్నిపర్వత దీవి ఉండేది. దాని అంచుల చుట్టూ పగడాలు అల్లుకున్నాయి. కొండ మెల్లగా, లక్షల ఏళ్ల పాటు కుంగిపోతూ వచ్చింది. అది కుంగిన కొద్దీ పగడాలు పైకి పేర్చుకుంటూ పోయాయి. చివరికి కొండ పూర్తిగా మునిగి వలయం మాత్రం మిగిలింది, మధ్యలో మడుగు. నన్ను ఆశ్చర్యపరిచేదేంటంటే, అసలు పగడపు దిబ్బ ఒక్కటీ కళ్లారా చూడకముందే, దక్షిణ అమెరికా పడమటి తీరంలో ఉండగానే డార్విన్‌కు ఈ ఆలోచన తట్టింది.

నిజమా కాదా తేల్చాలంటే బోరు వేయాలి. 1890ల చివర్లో లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీ వాళ్లు పసిఫిక్‌లోని ఫునాఫుటి దీవిలో తవ్వించారు. 300 మీటర్లు దాటినా పగడపు సున్నమే తప్ప అగ్నిపర్వతపు రాయి తగల్లేదు. వాదన అలాగే మిగిలిపోయింది. మళ్లీ 1952లో ఎనెవెటాక్ అనే పగడపు వలయం మీద బోరు వేస్తే 1,200 మీటర్ల కిందికి వెళ్లాక నల్లటి బసాల్ట్, అంటే అగ్నిపర్వతపు రాయి, తగిలింది. డార్విన్ చెప్పిన కొండ అదే. ఆయన పోయి అప్పటికి 70 ఏళ్లు. అణ్వాయుధ పరీక్షలకు వాడుకున్న దీవి కాబట్టే అక్కడ అంత లోతు తవ్వే ఓపికా డబ్బూ దొరికాయన్నది వేరే సంగతి.

రెండో రోజు సాయంత్రానికి మా ఆయన భుజాలు ఎర్రబడ్డాయి. "నేను నీడలోనే ఉన్నాగా" అని ఆయన బాధ. నీడలో ఉన్నమాట నిజమే. కానీ మనల్ని కాల్చే అతినీలలోహిత కిరణాల్లో చాలా భాగం సూర్యుడి నుంచి నేరుగా రావు, ఆకాశమంతా చెదిరిపోయి అన్ని వైపుల నుంచీ వస్తాయి. గొడుగు ఒక్క వైపే ఆపుతుంది. పొడి ఇసుక మరో 15 శాతం దాకా కింది నుంచి తిప్పికొడుతుంది. సముద్రపు నురగ ఇంకా ఎక్కువ, పాతిక శాతం. నీళ్లలో ఉంటే ఫర్వాలేదనుకోవడం కూడా పొరపాటే. అర మీటరు లోతులో సైతం పైన ఉన్నదాంట్లో 40 శాతం ఉంటుంది. అన్నిటికన్నా మోసం ఏమిటంటే చర్మం అప్పటికప్పుడు ఏమీ చెప్పదు. ఎరుపు తేలడానికి మూడు నుంచి ఆరు గంటలు పడుతుంది. మంట ముదిరేది మర్నాటికి. ఎండలో ఉన్నంతసేపూ హాయిగానే ఉంటుంది.

సన్‌స్క్రీన్ దగ్గర ఇంకో పేచీ. ఆక్సీబెంజోన్ లాంటి కొన్ని రసాయనాలు పగడాలకు హాని చేస్తాయన్న ఆధారాలతో పలావు దేశం 2020లో, హవాయి 2021లో వాటిని కట్టడి చేశాయి. మంచిదే, జింక్ ఆక్సైడ్ రకం పూసుకుంటే సరిపోతుంది, పొడుగు చేతుల చొక్కా అయితే మరీ మేలు. కానీ పగడాలకు అసలు టెన్షన్ మన క్రీములతో కాదు, వేడితో. మామూలు వేసవి గరిష్ఠం కన్నా ఒక్క డిగ్రీ ఎక్కువగా కొన్ని వారాలు ఉంటే చాలు, పగడం తన ఒంట్లోని నాచును బయటికి తోసేస్తుంది. రంగు నాచుదే కాబట్టి పగడం తెల్లబోతుంది. మన భాషలో ఆ మాటకున్న రెండర్థాలూ ఇక్కడ సరిపోతాయి. వంటమనిషిని తరిమేశాక ఎన్నాళ్లు బతుకుతుంది? నీళ్లు త్వరగా చల్లబడితే నాచు తిరిగొస్తుంది, లేకపోతే లేదు. ప్రపంచమంతటా పగడాలు ఇలా తెల్లబోవడం ఇది నాలుగోసారి అని 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు.

మేం తిరిగిన దీవిలో ఎత్తైన చోటు కూడా అలల కన్నా రెండు మీటర్లు పైన ఉంటుందేమో. అలాంటి చోట బావిలో మంచినీళ్లు ఎలా ఊరతాయి? వాన నీళ్లు ఇసుకలోకి ఇంకుతాయి. అవి సముద్రపు నీటికన్నా కాస్త తేలిక, వెయ్యికి ఇరవై అయిదు పాళ్లు. అందుకే దీవి అడుగున ఉప్పునీటి మీద మంచినీళ్లు కటకం ఆకారంలో తేలుతూ ఉంటాయి, మంచుగడ్డ నీళ్లలో తేలినట్టే. సముద్ర మట్టం కన్నా ఒక్క మీటరు ఎత్తున మంచినీళ్లు నిలిచాయంటే కింద 40 మీటర్ల మేర మంచినీళ్లు ఉంటాయని లెక్క. ఇదే లెక్క తిరగేస్తే భయం వేస్తుంది. పైన కొంచెం తోడేస్తే కింది నుంచి ఉప్పునీళ్లు దానికి నలభై రెట్లు పైకి వస్తాయి. ఆ రోజు నుంచి షవర్ కింద ఎక్కువసేపు నిలబడబుద్ధి కాలేదు.

సాయంత్రాలు నీళ్లంచున నడిచేవాళ్లం. తడి ఇసుక మీద అడుగు వేసిన క్షణంలో పాదం చుట్టూ తెల్లగా పొడిబారడం మీరూ చూసే ఉంటారు. అడుగు వేస్తే నీళ్లు పైకి చిమ్మాలి గానీ ఇంకిపోవడమేమిటి? దగ్గర దగ్గరగా సర్దుకుని ఉన్న రేణువులను తొక్కితే అవి ఒకదాని మీంచి ఒకటి దొర్లాలి, దొర్లాలంటే ఎడం కావాలి. ఆ పెరిగిన సందుల్లోకి పైనున్న నీళ్లు దిగిపోతాయి. కాలు తీయగానే మళ్లీ తడి. ఆస్బర్న్ రేనాల్డ్స్ అనే శాస్త్రవేత్త 1885లోనే దీన్ని వివరించాడు. మా ఆయనకు ఇది మాత్రం తెగ నచ్చింది. చిన్నపిల్లాడిలా ముందుకు నడవడం, ఆగి వెనక్కి చూసుకోవడం.

అలా నడుస్తూ ఉంటే దీవి కూడా నడుస్తోందని తెలిసింది. మేం వచ్చిన రోజున గట్టు మీదున్న ఒక మొక్క వేళ్లు వారానికే గాల్లో వేలాడుతున్నాయి. అవతలి వైపు ఇసుక తిన్నె పొడుగైంది. ఈ దీవులు ఒకచోట కుదురుగా ఉండవు, అలలు ఒక వైపు కోసి ఇంకో వైపు పోస్తాయి. పసిఫిక్‌లో 27 పగడపు దీవుల పాత ఫొటోలను కొత్తవాటితో పోల్చి 2010లో ఒక పరిశోధన వచ్చింది. సముద్రం పెరుగుతున్నా వాటిలో 86 శాతం దీవుల విస్తీర్ణం తగ్గలేదు, కొన్నిటిది పెరిగింది కూడా. దీన్ని పట్టుకుని ఇక ఏ భయమూ లేదనేవాళ్లున్నారు. నాకు అలా అనిపించదు. పోయడానికి కొత్త ఇసుక వస్తుంటేనే ఈ సర్దుబాటు కుదురుతుంది. ఇసుక రావాలంటే దిబ్బ బతకాలి, చేప ఉండాలి. పైగా విస్తీర్ణం తగ్గకపోయినా అలలు పొంగి బావిలో ఉప్పునీళ్లు పడితే దీవిలో మనిషి ఉండలేడు.

చివరి రోజు పొద్దున్నే ఇద్దరం స్నార్కెల్ తగిలించుకుని మడుగులోకి దిగాం. తల నీళ్లలో ముంచగానే చప్పుడు. ఎవరో పక్కగదిలో పటికబెల్లం కొరుకుతున్నట్టు, కరక్ కరక్ అని. నీళ్లలో చప్పుడు గాల్లో కన్నా నాలుగు రెట్లు వేగంగా వెళ్తుంది. అందుకే ఎటు నుంచి వస్తోందో చెవులు పోల్చుకోలేవు, తల లోపల నుంచే వస్తున్నట్టుంటుంది. మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని కిందికి చూపించారు. నీలం, ఆకుపచ్చ కలిసిన చేప ఒకటి రాతి మీద ముక్కుతో గీతలు పెట్టి కొరుకుతోంది. నాలుగైదు సార్లు కొరికి పక్కకు జరిగింది. వెనక నుంచి తెల్లటి పొడి జారి, మెల్లగా విచ్చుకుంటూ, అడుగున ఉన్న తెల్లటి ఇసుక మీద పడి కలిసిపోయింది.

ఆయన తల పైకెత్తి గొట్టం తీసేశారు. ఏదో అనబోయి, మళ్లీ గొట్టం నోట్లో పెట్టుకుని కిందికి చూడటంలో పడ్డారు. ఒడ్డుకు వచ్చేసరికి మా ఇద్దరి వీపులూ కాలాయి.