లంకమల కొండలు: నడవడానికి వచ్చేవాళ్ల అపోహలు, అసలు వాస్తవాలు

కడప నుంచి సిద్ధవటం దాటగానే కనిపించేవే లంకమల కొండలు. వీటిలోకి జనాన్ని వెంటబెట్టుకుని వెళ్లడం నా పని. బయల్దేరే ముందు ఎక్కువగా వినే మాటలు ఇవి.

"కొండే కదా, చల్లగా ఉంటుంది."
ఇది ఊటీ కాదు స్వామీ. పగలంతా కాగిన బండలు పొద్దు వాలినా సెగ కక్కుతూనే ఉంటాయి. చలికాలం మేలు. అప్పుడైనా ఒక్క నీళ్ల సీసాతో వస్తే నేను కొండ ఎక్కనివ్వను.

"ఈ ముళ్లకంపలో ఏముంది? చిక్కటి అడవి చూపించన్నా."
నాకు ఒళ్లు మండే మాట ఇదే. కలివికోడి అనే అరుదైన పిట్ట బతికేది ఈ ముళ్లకంపలోనే. పొదకూ పొదకూ మధ్య బోడి నేల ఉండాలి దానికి. చెట్లు దట్టంగా కమ్ముకుంటే ఉండదు. 1900 తర్వాత ఎవరికీ కనబడకపోతే అంతరించిపోయిందనుకున్నారు. 1986లో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లె పక్కన మళ్లీ దొరికింది. ఆ తర్వాతే ఇక్కడ అభయారణ్యం వచ్చింది. దీనికోసం తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు. రాత్రిపూట తిరిగే పిట్ట కాబట్టి నేలను చదును చేసి, మెత్తటి మన్ను పరిచి, పొద్దున్నే కాలి గుర్తులు వెతికేవాళ్లు. పొదలు నరికి, ఆ జాగాలో పచ్చగా మొక్కలు నాటితే అడవి బాగుపడుతుందనుకోవడం తప్పు.

"ఎర్రచందనం వాసన వస్తోంది!"
రాదు. సువాసన శ్రీగంధానిది. ఎర్రచందనం చెట్టు బయటికి ఎర్రగా కూడా ఉండదు. నల్లటి బెరడు మొసలి తోలులా పగిలి ఉంటుంది. ఎరుపంతా లోపలి చేవలోనే. కింద పడిన ముక్కను గుర్తుగా జేబులో వేసుకున్నా కేసే.

"ఇక్కడ వాన లేదుగా, కోనలో దిగొచ్చు."
వాన మీ నెత్తిన పడక్కర్లేదు. పైన గట్టి రాయి, నీళ్లు ఇంకవు. ఎక్కడో కురిసింది నేరుగా కోనలోకే దూకుతుంది. తేటగా పారే నీళ్లు ఉన్నట్టుండి ఎర్రబారినా, ఎండుటాకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా బ్యాగు కోసం చూడొద్దు, ఒడ్డెక్కేయండి. నున్నటి గుండ్ల మీద పరుగెత్తడం కుదరదు.

"చిరుత వస్తే?"
మనుషుల అలికిడి వింటే అదే తప్పుకుంటుంది. నాకు టెన్షన్ ఎలుగుబంటితోనే. మలుపులో ఎదురుపడితే బెదిరి మీద పడుతుంది. అందుకే మాట్లాడుకుంటూ నడవమంటాను. బ్లూటూత్ స్పీకర్ మాత్రం వద్దు. అటవీ శాఖ అనుమతి లేకుండా వస్తే నన్ను పిలవద్దు.