ఇల్లు కొనేముందు తనిఖీ: గోదావరి డెల్టాలో నేను వినే అపోహలు, అసలు వాస్తవాలు

ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే పత్రం) తీయిస్తారు, లింకు డాక్యుమెంట్లు ప్లీడరు గారికి చూపిస్తారు, వాస్తు చూపిస్తారు. ఇంటి గట్టిదనం దగ్గరికి వచ్చేసరికి మాత్రం పైపైన చూసి అడ్వాన్స్ ఇచ్చేస్తారు. అమలాపురం, పాలకొల్లు, నరసాపురం వైపు ఇళ్లు తనిఖీ చేసే సివిల్ ఇంజినీరుగా నాకు బాధ కలిగించే విషయం ఇదే.

అపోహ: "గోడలు పొడిగా ఉన్నాయండీ, చెమ్మ లేదు."

ఏ నెలలో చూశారు? దాళ్వా (రబీ వరి) కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు. భూమిలో నీటిమట్టం దిగి గోడలు ఆరిపోతాయి. మళ్లీ నీళ్లు వదిలి, వానలు పడి, సార్వా (ఖరీఫ్ వరి) ఊడ్పులు మొదలయ్యాక అదే గోడ కింది నుంచి చెమ్మ పీలుస్తుంది. వీలైతే అక్టోబరులో మరోసారి చూడండి. వేసవిలోనే చూడాల్సి వస్తే, నేల నుంచి రెండు మూడు అడుగుల దాకా తెల్లటి ఉప్పు పొడి, రంగు పొక్కులు ఉన్నాయేమో వెతకండి. వీటిని దాచడానికి కొత్త పుట్టీ పెడతారు, లేదా మూడడుగుల ఎత్తు టైల్స్ అతికిస్తారు. పడకగది గోడకు టైల్స్ కనిపిస్తే కారణం అడగాల్సిందే. ఒక్కచోటే మచ్చ ఉంటే పైపు లీకు కావచ్చు, బాగుచేయించుకోవచ్చు. గోడలన్నీ ఒకే ఎత్తున తడిస్తే బేస్‌మెంట్ మీద డీపీసీ (కింది చెమ్మ పైకి ఎక్కకుండా ఆపే పొర) వేయలేదనో, పాడైందనో అనుమానించాలి. దానికి ఖర్చు ఎక్కువ, బేరంలో ఆ మేరకు ధర తగ్గించమనండి.

అపోహ: "కొత్త ఇల్లు, ఇంకేం చూడాలి?"

సముద్రానికి దగ్గర ఊళ్లలో, రొయ్యల చెరువుల పక్కన బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లతో కాంక్రీటు కలిపితే లోపల ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు ఉబ్బి పెచ్చులు ఊడటానికి కొన్నేళ్లు పడుతుంది కాబట్టి కొత్తింట్లో ఏమీ కనిపించదు. కాంక్రీటు పనులకు భారత ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం ఇనుము వేసే కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు, తీరప్రాంతంలో ఆరుబయటి కాంక్రీటుకు ఇనుముపై కవరు (ఇనుమును కప్పే కాంక్రీటు పొర మందం) మామూలుగా 45 మిల్లీమీటర్లు ఉండాలి. ఏ నీళ్లు వాడారో అడిగి, ఆ బోరు నీళ్లు ల్యాబుకు పంపండి. కవరును పగలగొట్టకుండానే మీటరుతో కొలవచ్చు. రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ)లో నమోదైన ప్రాజెక్టు అయితే స్వాధీనం ఇచ్చిన ఐదేళ్లలోపు బయటపడే నిర్మాణ లోపాన్ని బిల్డరే ఉచితంగా సరిచేయాలి. రెరాలో లేని ఇంటిని సొంతదారు దగ్గర కొంటే ఆ రక్షణ లేదు.

అపోహ: "పగుళ్లు ఏ ఇంట్లో లేవు?"

ప్లాస్టరింగ్ మీద వెంట్రుకంత గీతల గురించి నేనూ పట్టించుకోను. కిటికీ మూల నుంచి ఐమూలగా సాగి, ఒక చివర వెడల్పయిన పగులు ఉంటే, దానికితోడు తలుపు బిగుసుకుంటుంటే పునాది కుంగుతుందేమో చూడాలి. చేనునో చెరువునో పూడ్చిన స్థలాల్లో ఇది మామూలే. గూగుల్ ఎర్త్‌లో ఆ చోటి పాత ఏళ్ల చిత్రాలు ఉచితంగా చూడొచ్చు. పక్కింటి పెద్దవాళ్లనీ అడగండి.

అపోహ: "మా మేస్త్రీ చూసి బాగుందన్నాడు."

ఆయన అనుభవం విలువైనదే. కానీ ఎర్తింగ్ పరీక్ష, రాతపూర్వక రిపోర్టు వేరే పని.

అపోహ: "తనిఖీ అయితే ఇక టెన్షన్ లేదు."

గొయ్యి తీయకుండా పునాదిని నేను చూడలేను, పట్టా సంగతి ప్లీడరుదే. లంక గ్రామమైతే (గోదావరి పాయల మధ్య ఉన్న ఊరైతే) 1986 ఆగస్టు, 2022 జులై వరదలకు నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఊళ్లో కనుక్కోండి. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోవడంతో ఇల్లు పల్లంలో పడిందేమో చూసుకోండి. ఇవన్నీ అడ్వాన్స్ ఇవ్వకముందే జరగాలి. అప్పటికే ఇచ్చేసి ఉంటే, తనిఖీలో పెద్ద లోపం తేలితే డబ్బు తిరిగివ్వాలన్న షరతు అగ్రిమెంటులో రాయించండి.